ఏడో నంబరు

నేను టైలర్ని. స్కూలు యూనిఫారాలు కుడతాను. కొలత తీయకుండా గుడ్డ మీద కత్తెర పెడితే, నా దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరైనా సరే, ఆ పూట తిట్లు తినాల్సిందే. అలాంటి నేను ఇరవై రెండేళ్ళుగా నా కాలి కొలత మా ఆయన చేత చెప్పించుకుంటున్నాను.

మా అమ్మకు షుగర్ ముదిరి కాలు తీసేశారు. మొన్న డాక్టరమ్మ నా రిపోర్టు చూసి, "మీరూ అంచు మీదే ఉన్నారు, మెల్లగానైనా రోజూ పరుగెత్తండి" అంది. మర్నాడే పాత బూట్లతో మొదలుపెట్టాను. వారం తిరక్కుండా రెండు బొటనవేళ్ళూ నొప్పితో నిద్ర పట్టనివ్వలేదు. ఆయనకు చెబితే, "ఈ వయసులో పరుగులేంటి, మానెయ్" అన్నారు. నేను మానలేదు, కొత్త బూట్లు కావాలన్నాను.

షాపులో అమ్మాయి నా నంబరు అడిగింది.

"ఐదు," అన్నారాయన. "ఎప్పుడూ నేనే కొంటాను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. కానీ ఈ కుందేలును ఆయన చేతికిచ్చింది నేనే. పెళ్ళైన కొత్తలో ఆయన ముచ్చటపడి ఐదో నంబరు తెచ్చారు. పెద్ద పాదాల పెళ్ళాం అనుకుంటారేమోనని వేళ్ళు ముడిచి దూర్చి, సరిపోయాయన్నాను. ఆనాటి నా సిగ్గు మీద కూడా నాకిప్పుడు ఒళ్ళు మండుతోంది.

అమ్మాయి వినిపించుకోకుండా కొలత పలక తెచ్చి, నన్ను దాని మీద నిలబెట్టింది. "ఆరున్నర మేడమ్. పరుగులో కాలు ముందుకు జారుతుంది, వేలెడు ఖాళీ ఉండాలి. ఏడు వేసుకోండి."

"ఏడా? అది మగాళ్ళ సైజులా ఉంటుంది," ఆయన నవ్వారు. "పోనీ, మధ్యస్తంగా ఆరు ఇవ్వమ్మా."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా కాలికి మధ్యస్తం చేయడానికి ఈయనెవరు?

మేజోళ్ళు తీసేసి రెండు పాదాలూ ఆయన ముందు పెట్టాను. బొటనవేళ్ళ గోళ్ళు రెండూ బొగ్గుల్లా ఉన్నాయి. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇంత నల్లబడ్డాయా? చెప్పలేదే."

"చెప్పాను. మూడుసార్లు. మానెయ్యమన్నారు."

"అది కాదు... అప్పట్లో సరిపోయాయన్నావు కదా."

"అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మళ్ళీ అడగలేదు మీరు."

అమ్మాయి తల పక్కకు తిప్పుకుంది. నేను ఏడో నంబరు తొడుక్కున్నాను. వేళ్ళు విప్పుకుని కూర్చున్నాయి. హాయిగా ఉంది. ఆ హాయికి ఇంకా కోపం వచ్చింది, ఇన్నాళ్ళూ ఇది లేకుండా నడిచానే అని. నా డబ్బులు నేనే కట్టేసి బయటికొచ్చాను.

"బస్సు వస్తోంది, పద," అన్నారాయన, నా పాదాల వంక చూడలేక.

"మీరు ఎక్కండి," అన్నాను.

రెండో మలుపు దాటేసరికి ఆయాసం వచ్చింది. కోపం మాత్రం ఇంకా మిగిలే ఉంది. దాని మీదే ఇంటిదాకా పరుగెత్తాను.