అయితే అనేదాకా ఆగు

క్విజ్ ఆడేవాళ్ళంతా ఆ పిల్లకి పెట్టిన పేరు తొందర. ప్రశ్న సగంలో ఉండగానే బజర్ నొక్కేస్తుంది కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. మొదటి సంవత్సరం వాళ్ళ కోసం పెట్టిన చిన్న విభాగంలో ఎవరికి వారే ఆడాలి. పొద్దున్నుంచి అక్కడ తన ముందు నిలబడ్డవాళ్ళు లేరు. ఇక ఫైనల్ ఒక్కటే మిగిలింది, కప్పు చేతికొచ్చినట్టే.

అంతలో అక్క ఆయాసపడుతూ వచ్చింది. తోడబుట్టిన అక్కే, ఆఖరి సంవత్సరం, పెద్ద విభాగంలో కాలేజీ జట్టుకి కెప్టెన్. ఏటా ఫైనల్ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చే మనిషి, ఈసారి ఎలాగో గుమ్మం దాటింది.

"మా మూడోవాడు వాంతులు చేసుకుంటున్నాడే. ముగ్గురు లేకపోతే బల్ల దగ్గరికే రానివ్వరు. నువ్వొచ్చి కూర్చుంటావా?"

"పై అంతస్తులో మీ పెద్దవాళ్ళతో ఒక్కసారి కూర్చుంటే మళ్ళీ కింద ఆడనివ్వరు కదక్కా! నా కప్పో?"

"నీ ఇష్టమమ్మా. బలవంతమేం లేదు."

తొందరకి ఏడుపొచ్చింది. చేతికందింది నోటికందకుండా పోతుంటే ఎవరికి రాదు? కానీ అక్కకి ఇదే ఆఖరి ఆట. పైగా ఆ పిల్లకి తన మీద తనకున్న నమ్మకం అంతా ఇంతా కాదు.

"పద. పెద్ద కప్పే పట్టుకుపోదాం," అంది.

మెట్లెక్కుతూ అక్క పాఠం మొదలుపెట్టింది. "పైన ప్రశ్నలకి ముందు వల ఉంటుంది. 'అయితే' అన్నాకే అసలు ప్రశ్న. అయితే అనేదాకా ఆగు. నిదానమే ప్రధానం."

"ఆలస్యం అమృతం విషం."

"నోర్ముయ్."

ఎదురుగా వైద్య కళాశాల జట్టు. ప్రశ్నలు చదివేది ఫిజిక్స్ మేడమ్. ఆవిడ తెల్ల కాగితం తీసి మొదలుపెట్టింది. "సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న గ్రహం..."

బజర్ మోగింది. ఇంకెవరిది? "బుధుడు!" అంది తొందర.

"తప్పు," అని మేడమ్ మిగతాది చదివింది. "బుధుడు. అయితే, అన్నిటికంటే వేడి గ్రహం ఏది?"

"శుక్రుడు," అని ఎదుటివాళ్ళు తాపీగా మార్కులు పట్టుకుపోయారు. బల్ల కింద అక్క తొడపాశం పెట్టింది. అబ్బా, ప్రాణం పోయినంత పనైంది. ఆ తర్వాత తొందర బజర్ జోలికి పోతే ఒట్టు. అక్కే చెమటోడ్చి, ఒక్కో ప్రశ్నా లాక్కొచ్చి, చివరికి లెక్క సమానం చేసింది.

తెల్ల కాగితాలు అయిపోయాయి. గెలిచేదెవరో తేలాలంటే ఇంకొక్క ప్రశ్న కావాలి. ఎవరో కిందికి పరుగెత్తి ఒక కాగితం తెచ్చి మేడమ్ చేతిలో పెట్టారు.

అది పసుపు కాగితం.

తొందర ఆ రంగుని ఇట్టే గుర్తుపట్టింది. పొద్దున్నుంచి చిన్న విభాగంలో చదివినవన్నీ ఆ కాగితాలే. వాటిలో ఒక్క 'అయితే' కూడా రాలేదు. ఆ సంగతి పైన ఆడేవాళ్ళకేం తెలుసు? అక్కకి చెబుదామంటే మేడమ్ అప్పుడే నోరు తెరిచింది.

"మనిషి శరీరంలో అన్నిటికంటే పొడవైన ఎముక..."

వైద్య కళాశాల ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. చేతులు బజర్ల మీదే ఉన్నాయి, 'అయితే' కోసం చూస్తున్నాయి. అక్క వేళ్ళు మళ్ళీ తొడ మీదికి వస్తున్నాయి. తప్పయితే అక్క నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అయినా నొక్కేసింది.

"తొడ ఎముక!"

"చంపేశావే," అంది అక్క కళ్ళు మూసుకుని.

మేడమ్ కాగితం వెనక్కి తిప్పి చూసింది. "'ఏది?' అని ఉంది. అంతే, ప్రశ్న ఇంతే. జవాబు సరైనది."

"అయితే లేదా మేడమ్?" వైద్య కళాశాల కెప్టెన్ గొంతు పీలగా వచ్చింది.

"లేదు బాబూ."

అక్క ఏడుస్తూ, నవ్వుతూ చెల్లెల్ని వాటేసుకుంది. "ఎలా తెలిసిందే నీకు?"

"పసుపు కాగితాల్లో అయితేలుండవక్కా. కింద ఆడినదాన్ని, నాకు తెలీదా? పైగా నువ్వు పెట్టిన తొడపాశం ఇంకా మండుతూనే ఉంది. ఆ ఎముకని మర్చిపోతే కదా!"

అక్క వెళ్ళి కప్పు అందుకుంది. తిన్నగా తెచ్చి చెల్లెలి ఒళ్ళో, సరిగ్గా గిల్లిన చోటే పెట్టింది.