లారీ స్ప్రింగుల చిన్న కారు

మా వీధి లారీ డ్రైవరు లారీ మానేసి చిన్న కారు కొన్నాడు. కారన్న మాటేగాని, దాన్ని లారీలాగే సాకాడు. ఎవరినో పట్టుకుని బస్తాలు మోసే బండి స్ప్రింగులు వేయించాడు. చక్రాల్లో గాలి పగిలేదాకా కొట్టించాడు. ఇక గుంటలో పడితే కారు ఎగిరి కిందికి దిగేలోపు దాని కింద నుంచి ఒక కాకి దాటిపోయేది. నమ్మనివాళ్లు కాకినే అడగండి.

అంతలో భార్యకు కడుపు ఆపరేషనైంది. కుదుపు తగిలితే కుట్లు తెగుతాయన్నాడు డాక్టరు. మర్నాడు ఇంటికి తేవాలి. దారంతా గుంటలే. తన తమ్ముడికి చూపించందే ఆ కారెక్కనని ఆమె తెగేసి చెప్పింది.

తమ్ముడు కార్ల మెకానిక్కు. బావను చూస్తేనే ఒళ్లు మంట. షెడ్డు ముందు కారు ఆగగానే అందుకున్నాడు.

"ఇందులోనా మా అక్కని తెచ్చేది? దానికన్నా అక్కడే పీక పిసుకు బావా, పెట్రోలైనా మిగులుతుంది."

"నోర్ముయ్. పుట్టి బుద్ధెరిగాక స్టీరింగు వదల్లేదు నేను. స్ప్రింగు గట్టిగా ఉంటేనే బండి నిలబడుతుంది."

"నిలబడుతుంది, సిమెంటు ఎత్తితే. అక్క సిమెంటు బస్తా కాదు."

"నీ దగ్గర నేర్చుకునే గతి పట్టలేదులే."

"అయితే అక్క పడుకునే చోట నువ్వు పడుకో. నేను నడుపుతా."

డ్రైవరు జన్మలో వెనక సీటు ఎరగడు. పౌరుషానికి పడుకున్నాడు. బావమరిది మెల్లగానే నడిపాడు, కాని దారిలో ఒక్క గుంటనూ వదల్లేదు. మొదట తల తలుపుకు కొట్టుకుంది. తర్వాత మోకాలు గడ్డాన్ని పలకరించింది. ఆ పైన కట్టుడుపళ్లు ముందు సీట్లోకి వలసపోయాయి. మొండివాడు, అయినా లేచి కూర్చోలేదు. చెయ్యి మాత్రం తనంతట తానే పొట్ట మీదికి పోయి, భార్యకు కుట్లున్న చోట అదిమి పట్టుకుంది.

షెడ్డు దగ్గర దిగి, పళ్లు వెతికి పెట్టుకుని, "విప్పు" అన్నాడు.

"ఏంటీ?"

"చెవుడా? స్ప్రింగులు విప్పు. గాలి తియ్యి."

మెకానిక్కు ఆ కారుకు తగిన మెత్తటి స్ప్రింగులు, కొత్త షాకబ్జార్బర్లు వేసి గాలి తగ్గించాడు. బావేమో అతని నెత్తి మీదే నిలబడి ప్రతి బోల్టుకూ వంక పెట్టాడు.

మర్నాడు ఇద్దరూ వెళ్లి ఆమెను తెచ్చారు. ఇంటి ముందు ఆగి వెనక్కి చూస్తే, ఆమె నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"చూశావా నా డ్రైవింగు" అన్నాడు బావ.

"నీ మొహం. నా స్ప్రింగులు. మెల్లగా ఏడువు, అక్క లేస్తుంది."

"నీ గొంతే కాకిగోల. నువ్వు మెల్లగా ఏడువు."

ఆమె లేచేదాకా ఆ కార్లో కూర్చుని ఇద్దరూ గుసగుసగా తిట్టుకున్నారు.