గీతలు చెదరని ఇసుక

తలుపు తీయగానే కుక్కపిల్ల ఎగిరి ఆమె మోకాళ్ళ మీదికి దూకింది. దాని మూతి నిండా బూడిదరంగు ఇసుక. గడ్డం కింద ఇంకేదో అంటుకుని ఉంది. అదేమిటో ఆమెకు వంగి చూడకుండానే తెలుసు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ మరకలు వాసన చూసే ఉద్యోగం ఆమెది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో మరకల బల్ల దగ్గర నిలబడి, ఇది కాఫీ, ఇది సిరా, ఇది పెదవుల రంగు, ఇది చెప్పుకోకూడనిది అని వేరుచేసి వస్తుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే మళ్ళీ అదే పని.

"మళ్ళీ తిన్నదా?" అంది.

"ముద్దు పెడదామని వస్తోంది పాపం, అలా తోసేస్తావేంటి!" అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండా.

పిల్లి పెంట తిన్న మూతితో ముద్దు! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుక్కపిల్లను మెడ పట్టి బాత్రూములోకి తీసుకెళ్ళి మూతి కడిగింది. అది ఆ కడగడాన్ని కూడా ఆట అనుకుని ఆమె చేతులు నాకింది. అప్పుడామె తన చేతులు కడుక్కుంది.

ఆ ఇంట్లో ముందు నుంచీ ఉన్నది పిల్లి. దాని పేరు దొర. కళ్ళు తెరవని పసిగుడ్డుగా లాండ్రీ తోపుడు బండిలో, మాసిన తువ్వాళ్ళ మధ్య దొరికాడు. ఒళ్ళో పెట్టుకుని, పాలలో దూది ముంచి పట్టి బతికించుకుంది. ఇప్పుడు ముసలివాడయ్యాడు. ఎముకల మీద బొచ్చు కప్పినట్టుంటాడు. నడక మాత్రం ఇప్పటికీ ఇల్లు తన పేర రాసిచ్చినట్టే.

కుక్కపిల్ల వచ్చి నెల తిరగలేదు. భర్త డ్రైవింగ్ నేర్పే మాస్టారు. పరీక్ష గట్టెక్కిన సంతోషంలో ఎవరో శిష్యుడు దాన్ని బహుమతిగా ఇస్తే, ఇంట్లో ఒక్క మాటైనా అడగకుండా చంకన పెట్టుకొచ్చేశాడు. తల గుండ్రంగా ఉందని అత్తగారు దానికి గుండు అని పేరు పెట్టింది. తల్లీ కొడుకులిద్దరూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. దాని కింద తుడవడానికి మాత్రం కోడలు కావాలి.

పిల్లి దొడ్డికి పోయే ఇసుక ట్రే ఇంటి వెనక వైపు సామాన్ల గదిలో ఉంటుంది. తలుపు మూస్తే దొర లోపలికి పోలేడు. తీసి ఉంచితే గుండు దూరుతుంది. చిక్కంతా అక్కడే. ఆమె ట్రేని బట్టలుతికే మెషిన్ మీద పెట్టి చూసింది. దొర ఎక్కబోయి జారిపడి, ఆ అవమానానికి పూటంతా ఎవరి మొహమూ చూడలేదు. మూత ఉన్న ట్రే కొంది. గుండు అందులోకి దూరి, ఇదేదో తన కోసమే కట్టించిన గది అనుకుని నిద్రపోయింది.

ఆఖరికి ఇనుప సామాన్ల కొట్టుకెళ్ళి ఒక గొలుసు కొక్కెం తెచ్చింది. ఒక కొస తలుపుకు, ఇంకో కొస గుమ్మానికి బిగిస్తే తలుపు బెత్తెడు మీద కాస్త తెరుచుకుని ఆగిపోతుంది. ఆ సందులోంచి దొర పక్కగా జారుకుని పోగలడు. గుండుకు తల పట్టదు, తల పట్టినా పొట్ట పట్టదు. అంతా బాగుంది. కానీ ఆ గుమ్మం రాతిలాంటి చెక్క, డ్రిల్లు లేకుండా స్క్రూ దిగదు. డ్రిల్లు భర్త కారు డిక్కీలో, తాళం ఆయన జేబులో. ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని తంటాలు పడుతుంటే వచ్చి లాక్కున్నాడు.

"నువ్వు ముట్టుకోకు, స్క్రూ తల అరగ్గొడతావు. రేపు నేను బిగిస్తాగా."

ఆ రేపు రాలేదు. కొక్కెం కవరుతో సహా వంటింటి సొరుగులో చెంచాల పక్కన పడి ఉంది. చెంచా తీసినప్పుడల్లా కనిపించేది. కనిపించినప్పుడల్లా అడిగేది.

"కొక్కెం సంగతి ఏం చేశారు?"

"బిగిస్తానన్నాను కదా. గుండు చిన్నపిల్ల, చెబితే వింటుంది. కొంచెం ఓపిక పట్టు."

ఆ ఓపిక అనే మాట వింటేనే ఆమెకు ఒళ్ళు మండేది. బయట ఆయన ఓపికకు పెట్టింది పేరు. మాస్టారి పక్కన కూర్చుంటే గోడకు గుద్దబోయే వాడికి కూడా ధైర్యం వస్తుందని అందరూ అంటారు. ఎందుకు రాదు? ఆ కారులో ఆయన కాలి కింద రెండో బ్రేకు ఉంటుంది. ఇంట్లో రెండో బ్రేకు ఆమే. అందుకే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోగలడు. దాన్ని ఓపిక అనరు, బద్ధకం అంటారు. ఆ తేడా శిష్యులకు తెలియదు, కట్టుకున్నదానికి తెలుస్తుంది.

"వీళ్ళ నాన్నా ఇంతేనమ్మాయ్. ఏది అడిగినా రేపే," అనేది అత్తగారు. అదేదో వంశానికి వచ్చిన బిరుదులాగా నవ్వేది.

ఈలోగా గుండు కొత్త ఆట కనిపెట్టింది. దొర ట్రేలో కూర్చునే దాకా తలుపు చాటున కాచుకునేది. కూర్చోగానే మీద పడేది. దొర సగంలో లేచి, ఇసుక ఎగజిమ్ముకుంటూ పరుగెత్తేవాడు. వెనక గుండు, దాని వెనక చప్పట్లు కొడుతూ భర్త.

"చూడవే, ఎలా ఆడుకుంటున్నాయో!"

"ఆడుకోవడమా? మీరు బాత్రూములో కూర్చున్నప్పుడు ఎవరైనా తలుపు బద్దలుకొట్టుకుని వచ్చి మీద పడితే తెలుస్తుంది ఆట!" ఆమె ఆ రోజు ఇల్లెగిరిపోయేలా అరిచింది. కొక్కెం తీసుకొచ్చి ఆయన కంచం పక్కన పడేసింది. "ఇప్పుడే లేచి బిగించండి. ఇప్పుడే!"

"తింటున్నాను కదే. రేపు ఖాయం."

"వాడి నోటి దగ్గర కూడుండగా అరవకమ్మాయ్," అంది అత్తగారు.

ఆమె ఇద్దరినీ చూసింది. చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. కొక్కెం తీసి మళ్ళీ సొరుగులో పెట్టేసింది. ట్రే శుభ్రం చేసి, అలవాటు ప్రకారం పెంట ఉండలు ఏరే చిల్లుల గరిటతో ఇసుక మీద వరసగా గీతలు గీసి, వెళ్ళి పడుకుంది.

మర్నాడు సాయంత్రం పని నుంచి వచ్చి చూస్తే గుండు మూతి శుభ్రంగా ఉంది. సామాన్ల గదిలోకి వెళ్ళింది. ట్రే తళతళలాడుతోంది. ఒక్క ఉండ లేదు. ఇసుక చదునుగా, గీతలు గీతలుగా ఉంది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఈయనే తీశాడన్నమాట! తీసి, తను గీసినట్టే గీతలు కూడా గీశాడు. నిన్న అరిచిన అరుపు పనిచేసింది. అడగకుండా, నోటితో చెప్పకుండా చేశాడు. పిచ్చిది, ఆమె గుండె కరిగింది. ఆ రాత్రి భోజనాల దగ్గర కొక్కెం ఊసెత్తలేదు. ఆయన కంచంలో మరో గరిటెడు కూర వడ్డించింది.

"చూశావా, గుండు మారిపోయింది. ఓపిక ఉండాలన్నానా?" అన్నాడాయన. చేసిన మంచి పని చెప్పుకోడానికి సిగ్గుపడి కుక్క మీదికి నెడుతున్నాడు అనుకుని నవ్వుకుంది. ఆ మర్నాడూ ట్రే అలాగే ఉంది. ఆమె ఆ పూటా అడగలేదు.

సెలవు రోజు పొద్దున ఇస్త్రీ చేసిన బట్టలు తీయబోతే బుట్టలో దొర కూర్చుని ఉన్నాడు. వెన్ను గూనిలా పైకి లేచింది. నోరు తెరిచి ఏదో అనబోయాడు, సగం అరుపే బయటికొచ్చింది. ఆమె ఎత్తుకోగానే విలవిలలాడాడు. పొట్ట కింద రాయిలా ఏదో చేతికి తగిలింది. వాడు కూర్చున్న తెల్లటి తువ్వాలు మీద చిన్న చుక్క, లేత గులాబీరంగులో. ఆ రంగేమిటో ఆమె ఎవరినీ అడగక్కర్లేదు. బల్ల మీద అలాంటివి ఎన్ని ఉతికి పంపిందో.

"ఏమండీ, కారు తీయండి!"

ఆ గొంతు విన్నాక ఆయన కూడా రేపు అనలేదు.

పశువుల డాక్టరమ్మ దొర పొట్ట నొక్కి చూసి మొహం ముడుచుకుంది. "ఎప్పటి నుంచి మూత్రం పోయట్లేదు?"

"ట్రే శుభ్రంగానే ఉందండీ," అన్నాడు భర్త. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "రెండు రోజులుగా అద్దంలా ఉంది."

"అంటే మీరు తీస్తున్నారా?"

"నేనెందుకు తీస్తాను? మా ఆవిడ తీస్తుంది."

ఆమె తల తిప్పి భర్తను చూసింది. "మీరు తీయలేదా?"

"నేనెందుకు తీస్తానే?"

ఆ మాట వినగానే ఆమె కళ్ళ ముందు ఆ గీతలు నిలిచాయి. ఆయన గీసినవి కావు. తను గీసినవే. తను గీసి పడుకున్నప్పటి నుంచి దొర ఆ ఇసుక మీద కాలు పెట్టలేదు. అది చూసి తను నవ్వుకుంది. అది చూసి ఈయనకు కూర ఎక్కువ వడ్డించింది.

"మగపిల్లులకు ఇది ప్రాణం మీదికి వస్తుంది," అంది డాక్టరమ్మ. "భయంతో బిగబట్టుకున్నట్టున్నాడు. లోపల మూసుకుపోయింది. మత్తిచ్చి గొట్టం వేస్తాను. ఇంకో పూట ఆగి ఉంటే తెచ్చినా లాభం ఉండేది కాదు. ఇప్పుడు కూడా నేను మాట ఇవ్వలేను. ముసలివాడు కదా."

దొరను అక్కడే ఉంచి, ఆమె ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుంది. కారు వెనక అద్దం మీద 'నేర్చుకుంటున్నాం, దూరం పాటించండి' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఎంతమందికి నేర్పాడో ఈ మనిషి! ఆయన ముందున్న చిన్న అద్దంలోంచి ఆమెను చూస్తూ, "ఏమైనా అనవే," అన్నాడు. ఆమె బుట్టను దగ్గరికి లాక్కుంది. నోరు తెరిస్తే ఆగేలా లేదు. తన మీద కూడా మండిపోతోంది. ఊళ్ళోవాళ్ళ మరకలన్నీ పట్టే మనిషి, ఇంట్లో మరక లేకపోవడాన్ని పట్టలేకపోయింది.

ఇంటికి రాగానే ఆయన బూట్లు కూడా విప్పకుండా డిక్కీ తెరిచి డ్రిల్లు తెచ్చాడు. బుర్రుమని నాలుగు చిల్లులు, నాలుగు స్క్రూలు. ఆమె పొయ్యి మీద పెట్టిన టీ నీళ్ళు మరిగేలోపు కొక్కెం బిగిసింది. తలుపు లాగి, వదిలి చూపించాడు. బెత్తెడు మీద కాస్త, సరిగ్గా ఆమె చెప్పినంతే.

"అయిపోయింది," అన్నాడు.

"ఇంతేనా?" అంది. "ఇంతసేపటి పనికా నేను ఇన్ని రోజులూ నోరు నొప్పి పుట్టేలా మొత్తుకున్నది? ఇంతేనా ఆ రేపంటే?" టీ నీళ్ళు పొయ్యి మీద పొంగి చుట్టూ కారాయి. ఆమె కదలలేదు. అత్తగారే వెళ్ళి పొయ్యి ఆర్పింది. గుండు సోఫా కిందికి దూరింది.

దొర బతికాడు. ఇంటికి తెచ్చిన రోజు బుట్టలోంచి దిగి, మత్తు వదలని కాళ్ళతో తూలుతూ గోడ వారగా నడిచాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అత్తగారు టీవీ ఆపేసింది. భర్త నేల మీద చతికిలబడి గుండును రెండు చేతులా పట్టుకున్నాడు. దొర సందు దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగి కుక్కపిల్లను చూశాడు. తర్వాత పక్కగా ఒదిగి లోపలికి జారుకున్నాడు. గుండు విడిపించుకుని పరుగెత్తి తల దూర్చింది. చెవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల ఇసుక గీకిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా ధార పడిన చప్పుడు.

"పోశాడు! అమ్మా, పోశాడే!" ఆయన అరిచిన అరుపు పక్కింటి వాళ్ళు కూడా విని ఉంటారు. కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. నిజమైన కన్నీళ్ళే. అందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

సంతోషంలో ఆయన నోరు ఊరుకోలేదు. "నువ్వు ఇంకొక్కసారి గుర్తు చేసి ఉంటే అప్పుడే బిగించేసేవాణ్ణి. రోజూ అడిగేదానివి, ఉన్నట్టుండి మానేశావు. అడగడం మానేశావంటే సర్దుకుపోయావనుకున్నాను."

ఆమె ఆయన వంక చూసింది. ఈసారి గొంతు పెరగలేదు.

"దొర కూడా అలాగే మానేశాడు," అంది.

అత్తగారు తలవంచుకుని కొంగు అంచు సర్దుకుంది. ఆమె చిల్లుల గరిట తెచ్చి ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి కొక్కెం తీసిన చప్పుడు, ఆ వెనకే ఇసుకలో గరిట ఆడుతున్న చప్పుడు వినిపించాయి. ఆమె కోపం తగ్గలేదు. టీ కలుపుకుని, ఒక్క కప్పే పోసుకుని, కిటికీ దగ్గర కూర్చుని తాగింది.