అచ్చులో వచ్చిన ఆకాశం

అడుగున దుప్పటి, దాని మీద బట్టలు, పక్కన కాగితంలో చుట్టిన చెప్పులు. జిప్పు సగంలో బిగుసుకుంది. అక్క మోకాలితో సంచిని అదిమి పట్టింది. చెల్లెలు లాగింది.

“ఇంకొక్కటి కుక్కావంటే సంచీ కాదు, నేను చిరుగుతా,” అంది చెల్లెలు.

“మందుబిళ్ళలు పెట్టుకున్నావా?”

“మూడోసారి అడిగావు. నన్ను కాదు, మేస్త్రీని అడుగు. నా పని సంగతి ఇవాళైనా అడుగుతావా?”

“అడుగుతానే. వెళ్ళగానే అడుగుతా. రెండింటి బస్సు కదా, ఈలోపు ఏదో ఒకటి తేలుతుంది.”

పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఆ రేకుల షెడ్డులో ఒకే బొమ్మ వేస్తున్నారు. ఎక్కడో పరదేశపు పట్నంలో, నూరేళ్ళకు పైబడిన సంత. తడిసిన రోడ్డు, కూరగాయల బళ్ళు, గొడుగులు, జనం. ఆకాశమూ, రోడ్డు మీది తడీ చెల్లెలివి. జనం అక్కవి. రెండు కుంచె విసుర్లు, పైన ఒక చుక్క. దగ్గరగా చూస్తే మరక. మూడడుగులు వెనక్కి వేస్తే బుట్ట మోస్తున్న ఆడమనిషి.

పోయిన నెల బొమ్మ వేసే గుడ్డలు ఆకాశంతో సహా అచ్చుపడి వచ్చాయి. తడి రోడ్డు కూడా అందులోనే ఉంది. చెల్లెలికి ఇక పని లేదు. జనాన్ని మాత్రం చేత్తోనే వేయాలట. కొనేవాళ్ళు వేలితో తడిమి రంగు మందం చూసుకుంటారు.

చెల్లెలికి జనం వేయడమూ వచ్చు. ఆ సంగతి అక్క ఒక్కదానికే తెలుసు. అక్క జ్వరంతో పడుకున్న పదకొండు రోజులూ షెడ్డు మూసే వేళ దాటాక చెల్లెలే ఆ జనాన్ని వేసింది. మేస్త్రీ కనిపెట్టలేదు. అక్క కనిపెట్టింది. చెల్లెలి మనుషులు నడుస్తున్నారు. తను వేసినవాళ్ళు ఊరికే నిలబడి ఉంటారు.

మేస్త్రీ పదిన్నరకు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మ ముందు ఆగాడు.

“ఈ గొడుగావిడ పర్లేదు. పళ్ళబండి వాడికి నడుమే లేదు. చెయ్యి వణుకుతోందా?”

“లేదండీ.”

“చూసుకో మరి. ఇక్కడ పని ఒక్కరికే.”

చెల్లెలి మాట అక్క నోటిదాకా వచ్చింది. ఆమెకు యాభై రెండు. చెల్లెలికి నలభై, రాయిలాంటి చెయ్యి. పని ఒక్కరికే అయితే ఆ ఒక్కరు ఎవరో చెప్పడానికి మేస్త్రీ కూడా అక్కర్లేదు.

“ఏంటి, ఏదో అనబోయావ్?”

“తెల్లరంగు గట్టిపడిందండీ.”

“అంతేనా?”

“అంతేనండీ.”

మధ్యాహ్నం బస్సు ఇంజను అప్పటికే ఆన్ చేసి ఉంది. చెల్లెలు కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

“అడిగావా అక్కా?”

“అడిగా.” అక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి సంచి పట్టీ సర్దింది, సర్దాల్సినదేమీ లేకపోయినా. “పని ఒక్కరికేనన్నాడు.”

చెల్లెలు చెయ్యి చాపి అక్క భుజం తట్టింది.

“పోనీలే. నాకోసం నోరు తెరిచావు, అదే పదివేలు. నీకెంత భయమో నాకు తెలీదా?” తర్వాత నవ్వింది. “నీ సంతలో ఓ మూల నన్నూ వెయ్యి. మొహం అక్కర్లేదు, ఎలాగూ నీకు మొహాలు రావు.”

అడిగానన్నది అబద్ధమని చెప్పడానికి అక్క నోరు తెరిచింది. బస్సు కదిలింది. నాలుగడుగులు దాని పక్కనే నడిచి, కండక్టరు కసిరితే ఆగిపోయింది.

సాయంత్రం దాకా పళ్ళబండి వాడికి నడుము పెడుతూనే ఉంది. పెట్టిన కొద్దీ లావయ్యాడు.

గదిలో తలుపు వెనక మేకుకు చెల్లెలి పాత పనిచొక్కా వేలాడుతూ ఉంది. మోచేతుల దాకా నీలం, అంచున కాస్త బూడిదరంగు. సంచిలో చోటు చాలక వదిలేసింది.

చెల్లెలు తిరిగి రాలేదు. మరుసటి ఏడాది, వానలు మొదలైన మూడో రోజున, వెళ్ళిన ఊళ్ళోనే పోయింది.