నీతి పరీక్షలో నూటికి నూరు

"ఇక్కడే కదమ్మా సంతకం పెట్టమన్నావు? నువ్వు వేలు పెట్టి చూపించిన చోటే కదా పెట్టాను?"

టైలరమ్మ గొంతు బ్యాంకు హాలంతా వినిపించింది. కుట్టి కుట్టి కళ్లు పాడుచేసుకున్న మనిషి. ఆపరేషన్‌కి డాక్టరు తేదీ ఇచ్చాడు. డిపాజిట్ తీసుకుందామని వస్తే అది డిపాజిట్టే కాదట, బీమా పథకమట, ఐదేళ్లదాకా ముట్టుకోకూడదట! కౌంటరులో ఉన్నది మా పెద్దక్క. స్టాఫులో అందరికన్నా పెద్దదని అలా పిలుస్తాం. "డిపాజిట్ లాంటిదేనమ్మా" అని ఆ పథకం అంటగట్టింది ఆమే. ఇప్పుడు తల వంచుకుని కూర్చుంది.

ఎందుకు అంటగట్టిందో కూడా చెప్పాలి, లేకపోతే ఆమెను నాలుగు తిట్టి ఊరుకుంటారు మీరు. రోజూ పొద్దున మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి, నిన్న ఎవరెన్ని పథకాలు అమ్మారో పైకి చెప్పించేవాడు. అమ్మనివాళ్లకు ఆ రోజు కుర్చీ లేదు. అవునండీ, సాయంత్రందాకా నిలబడే పని చేయాలి! మోకాళ్లు అరిగిపోయిన పెద్దక్క వారమంతా నిలబడింది. ఆ వారం చివర టైలరమ్మ వచ్చింది. పథకంతోపాటు నష్టాల సంగతి చెప్పే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని చదివి వినిపించాలని రూలు. చదవకుండా "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించడం మా అలవాటు.

టైలరమ్మ బ్యాంకు మీద ఫిర్యాదు రాయించి పై ఆఫీసుకు పంపింది. పై ఆఫీసు నుంచి ఒక అధికారి దిగాడు. నైతిక ప్రమాణాల విభాగమట. అలాంటి విభాగం ఒకటి ఏడ్చిందని మాకప్పుడే తెలిసింది. ఆయన పెద్దక్క సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాడు.

"నీతి పరీక్షలో నూటికి నూరు మార్కులు. అంటే తప్పని తెలిసే చేసింది. సంస్థకేం సంబంధం లేదు. రేపు విచారణ, ఆ తర్వాత పోలీసు కేసు."

నూటికి నూరట! ఆ పరీక్ష భాగోతం వినండి. ఏటా కంప్యూటర్లో రాయాలి. "మీకెందుకు శ్రమ, వెళ్లి అమ్ముకోండి" అని మేనేజరు మా అందరి పాస్‌వర్డులూ తీసుకుని, తనే కూర్చుని టిక్కులు పెట్టేశాడు. మేమేమో చంకలు గుద్దుకున్నాం. మన నీతి కూడా సారే చూసుకుంటున్నారని జోకులేసుకున్నాం. కొరివితో తల గోక్కుంటున్నామని ఒక్కరికీ తట్టలేదు.

భోజనాల గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాం. అన్నం ఎవరికీ సహించలేదు.

"నోరు మెదిపితే మన పేర్లూ కేసులోకి ఎక్కుతాయి" అన్నాడు బావ. లోన్లు చూసే మనిషి. అందరితో వేళాకోళాలాడతాడని ఆ పేరు. "పాస్‌వర్డు ఇవ్వడం కూడా తప్పే. పిల్లలు గలవాణ్ణి నేను."

"ఆమెకి లేరా పిల్లలు?" అన్నాను.

"లేరన్నానా?"

"మరి నువ్వు అమ్మలేదా ఆ పథకం?"

"అమ్మాను! అందుకే కదా భయం!"

పెద్దక్క కళ్లు తుడుచుకుంది. "నా కోసం మీరెవరూ రోడ్డున పడొద్దు. ఆవిడ కళ్ల సంగతి తెలిసే అబద్ధం చెప్పాను. నాది తప్పే."

నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. "తప్పేనక్కా, ఎవరు కాదన్నారు? నీ చేత ఆ మాట అనిపించిందెవరు? మనం అమ్మినదాని మీద కమిషన్ తిన్నదెవరు? తిన్నవాళ్లకి ప్రమోషను, నీకు జైలా?"

వాదన చాలాసేపు సాగింది. ఇద్దరు లేచి వెళ్లబోయి తలుపు దగ్గర ఆగిపోయారు. చివరికి బావే విసుగ్గా అన్నాడు. "ఒక్కొక్కళ్లం అయితే నలిపేస్తారు. చెప్తే అందరం ఒకేసారి చెబుదాం. ఇంకేం ఆలోచించకండి, ఆలోచిస్తే నేను మళ్లీ మారిపోతాను."

మర్నాడు హాలు నిండా జనం. టైలరమ్మ కూడా వచ్చింది. అధికారి పెద్దక్కను ఒక్కదాన్నే పిలిచాడు. మేమందరం లేచాం.

"ఆ పరీక్ష మాలో ఎవరూ రాయలేదు సార్" అన్నాడు బావ. "మేనేజరుగారు రాశారు. మా అందరి పేర్లూ రాసుకోండి. కావాలంటే ఇప్పుడు రాస్తాం."

నేను కంప్యూటర్ తెరిచి మొదటి ప్రశ్న పైకి చదివాను. "ఖాతాదారును మోసం చేయమని ఒత్తిడి వస్తే ఎవరికి చెప్పాలి?" కింద సరైన జవాబు కూడా చదివాను. "మీ మేనేజరుకు."

హాలంతా గొల్లుమంది. "దొంగ చేతికే తాళాలిచ్చారురా!" అని ఎవరో అరిచారు. మేనేజరు ముఖాన నెత్తురుచుక్క లేదు.

టైలరమ్మ లేచి నిలబడింది. "నేను రాయించింది బ్యాంకు మీద. ఈవిడ మీద కోపం లేదనను. ఉంది. కానీ జైల్లో పెట్టమని నేనెప్పుడన్నాను?"

"కేసు పెట్టింది మీరు కాదు, సంస్థ" అన్నాడు అధికారి. మా పేర్లు ఒక్కటీ రాసుకోలేదు.

పోలీసులు వచ్చి పెద్దక్కను తీసుకెళ్లారు. వెళ్తూ ఆమె టైలరమ్మ ముందు ఆగి "క్షమించండమ్మా" అంది. టైలరమ్మ గోడ తడుముకుంటూ గుమ్మందాకా ఆమె వెనకే నడిచింది.

తెల్లారింది. మేనేజరు మమ్మల్ని మళ్లీ వరసలో నిలబెట్టాడు. నిన్న ఎన్ని అమ్మారన్నాడు. ఒక్కటీ లేదన్నాం. "అయితే నిలబడండి!" అన్నాడు.

నిలబడ్డాం. మా కుర్చీలన్నీ హాల్లోకి తోసి "కూర్చోండి" అన్నాం జనంతో. పెద్దక్క కుర్చీలో టైలరమ్మ కూర్చుంది. నష్టాల కాగితం తీసుకుని, వచ్చిన ప్రతి మనిషికీ మొదటి అక్షరం నుంచీ చదవడం మొదలుపెట్టాం.

"మీ డబ్బు తగ్గిపోవచ్చు. ఐదేళ్లదాకా తీసుకోలేరు. కట్టినదాంట్లో కొంత కమిషన్ కింద పోతుంది..."

"ఏమిటీ గోల? పని చేయండి!"

"ఇదే పని సార్. రూలు ప్రకారం" అన్నాడు బావ. "నీతిలో నూటికి నూరు వచ్చినవాళ్లం కదా!"

వచ్చినవాళ్లు వినడం, లేచి వెళ్లిపోవడం. ఒక్క పథకం అమ్ముడుపోలేదు. మధ్యాహ్నానికి పక్క బ్రాంచి నుంచి ఫోను, వాళ్లూ చదువుతున్నారట. పెద్దక్క మీద కేసు ఎత్తేసేదాకా, టైలరమ్మలాంటి వాళ్ల డబ్బు తిరిగిచ్చేదాకా చదువుతూనే ఉంటామని మేనేజరు ముఖం మీదే చెప్పేశాం.

సాయంత్రం పోలీసు జీపు మళ్లీ వచ్చి గుమ్మం ముందు ఆగింది.

"ఆపండి. లేదంటే మీరూ వెళ్తారు" అన్నాడు మేనేజరు.

బావ వాక్యం మధ్యలో ఆగిపోయాడు. మేమూ ఆగాం. హాల్లో ఎవరూ కదల్లేదు. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

పెద్దక్క కుర్చీలోంచి టైలరమ్మ గొంతు లేచింది.

"ఆగావేం నాయనా? గట్టిగా చదువు. నాకు కనపడదు."

బావ కాగితం మొదటికి తిప్పాడు. ఈసారి అందరం కలిసి చదివాం.