మూడో అధ్యాపకుడు

గేటు ముందు ఆటో హారన్ కొడుతూనే ఉంది. యజ్ఞనారాయణ అవధాని ట్రంకుపెట్టె అప్పటికే వరండాలోకి వచ్చేసింది. ఈ ఏడాది వెళ్లిపోతున్న మూడో అధ్యాపకుడు ఆయన. ఇద్దరు వెళ్లినప్పుడే, ఇంకొకరు మానేస్తే వేదపాఠశాల మూసేస్తామని ట్రస్టు కార్యదర్శి చెప్పాడు.

ప్రధానాచార్యుడు సీతారామాంజనేయులు చీపురు పడేసి వంటింటివైపు నడిచాడు. అరవై దాటిన మోకాళ్లు సహకరించడం లేదు. తెల్లవారకముందే లేచి నీళ్లు తోడి, వాకిలి ఊడ్చి, పిల్లలచేత రెండేసిసార్లు అనిపిస్తూ సంథ చెప్పి, అప్పటికే అలిసిపోయి ఉన్నాడు.

కూరలో ఏమైనా తేడా చేశావా అని వంటావిడ సుబ్బరావమ్మను అడిగాడు.

"నా వంటకి పారిపోయేవాడైతే మొదటిపూటే పోయేవాడు అన్నయ్యగారూ," అంది ఆవిడ గరిటె ఆపకుండా.

పెద్ద పిల్లల్ని నిలదీశాడు. ఎవరూ ఎదురు చెప్పలేదన్నారు. చివరికి అవధాని గదికే వెళ్లాడు. ఆయన పక్కబట్టలు చుట్టుకుంటున్నాడు.

"ఎవరేమన్నారో చెప్పండి అవధానిగారూ. వాళ్లని ఇవాళే పంపించేస్తాను."

అవధాని తాడు బిగించాడు. "మిరప కల్లాల ఘాటుకి నా గొంతు పట్టేస్తే మీరు సంథ అందుకున్నారు. గొంతు బాగుపడి నెలైంది. ఇంకా మీరే చెబుతున్నారు."

"మీకు శ్రమ ఎందుకని..."

"వడ్డన మీరే. పిల్లాడికి జ్వరమొస్తే పక్కన కూర్చునేదీ మీరే. తిని కూర్చోడానికి నేను పెళ్లికొచ్చిన చుట్టాన్నా?"

రేపటినుంచి మీరే చెప్పండని సీతారామాంజనేయులు బతిమాలాడు. అవధాని తల అడ్డంగా ఊపాడు. నిన్న తాను ఒక స్వరం దిద్దబోతే, అది నిజమేనా అన్నట్టు పిల్లలంతా ప్రధానాచార్యుడి ముఖంలోకి చూశారట.

సీతారామాంజనేయులుకు అంతకుముందు వెళ్లిపోయిన ఇద్దరూ గుర్తొచ్చారు. ఒకాయన హోమం ఏర్పాట్లు చూసేవాడు, ఇంకొకాయన సాయంత్రం వల్లెవేయించేవాడు. బరువు తగ్గిద్దామనే ఆ పనులూ తాను అందుకున్నాడు. నలుగురికీ సేవ చేసేవాడే పెద్ద అనుకున్నాడు.

ఏమీ తోచక వంగి ట్రంకుపెట్టె ఎత్తాడు.

"అదీ మీరేనా?" అవధాని మెల్లగా పెట్టె అందుకున్నాడు. ఆ గొంతులో కోపం లేదు. విసుగు కూడా అయిపోయినట్టుంది.

ఆటో ప్రత్తిపాడు వైపు వెళ్లిపోయింది.

ఖాళీ గదిలో మంచం మీద ఉన్ని మఫ్లరు ఉంది, ఉతికి మడతపెట్టి. అవధాని గొంతు పట్టేసిన రోజు ఆయన కోసం సీతారామాంజనేయులే గుంటూరు వెళ్లి కొనుక్కొచ్చాడు. దాని పక్కనే కూలబడ్డాడు.

ఫోన్ మోగింది. కార్యదర్శి.

"ముగ్గుర్ని తరిమిందెవరండీ? పేరు చెప్పండి, చర్య తీసుకుంటాం."

ఆయన మఫ్లరు మీద చెయ్యి వేశాడు.

"సీతారామాంజనేయులండి."