పూత మీద వాలని ఈగలు

శనివారం మధ్యాహ్నం మూడింటికి తిరువూరు లైబ్రరీలో లైబ్రేరియన్ సుందరరాజు గారి క్లాసు. కావలసిన సంగతి ఎక్కడ వెతకాలి, దొరికింది ఎంతవరకు నమ్మాలి, ఇదీ పాఠం. వచ్చేది పదిమంది లోపే. అందులో సగం ఫ్యాను కోసమని ఆయనకీ తెలుసు.

పుస్తకాలన్నీ గోడవారన ఇనప బీరువాలో ఉంటాయి. అడిగే మనిషికి నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే అది తెరుచుకుంటుంది. ఇంకొకరు అడిగి రమ్మన్న ప్రశ్నకి కదలదు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు కూడా ఓసారి లాగి చూసి, రిజిస్టరులో సంతకం పెట్టి బస్సెక్కేశాడు. సుందరరాజు జాలిపడి జవాబు చెప్పేశాడా, ఇక వారం దాకా ఎవరికీ తెరుచుకోదు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి తెలిసింది చెప్పకుండా కూర్చోవడమంటే మాటలా!

ఆ ఫిబ్రవరిలో ఓ శనివారం వినగడప నుంచి గ్లోరి క్లాసుకొచ్చింది. ఆమె, మామగారు కృపానందం కలిసి మామిడితోట కౌలుకి చేస్తున్నారు. పూత బ్రహ్మాండంగా వచ్చింది గానీ పిందె నిలవట్లేదు. అక్కడ అందరూ చేసేదే కృపానందమూ చేశాడు. ఓ పూతకొమ్మ విరిచి పురుగుమందుల కొట్టుకి పట్టుకెళ్ళాడు. కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి ఓ డబ్బా ఇచ్చాడు. రెండుసార్లు కొట్టారు. రేపు మూడోసారి. ఇంకా గట్టి మందేదో కనుక్కురమ్మని కోడల్ని పంపాడు. ఈ కాపు పోతే తోట వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది, ఇద్దరూ మళ్ళీ కూలికి పోవాల్సిందే.

క్లాసయ్యాక గట్టి మందు పేరు చెప్పమంది గ్లోరి. ఆయన బీరువా చూపించాడు. ఆమె ఎంత లాగినా తలుపు రాలేదు. ఏ అరలో ఏ పుస్తకమో ఆయనకి నోటిదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగి మింగేశాడు.

"అది మీ మామగారి ప్రశ్న. తోటలో తిరిగేది నువ్వు కదమ్మా, నీకేం అనుమానం?"

గ్లోరికి ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకుంటూ కాసేపు బెంచీ మీద కూర్చుంది. తరవాత మెల్లగా అంది.

"మందు కొట్టిన కాణ్ణుంచీ పూత మీద ఈగ కూడా వాలట్లేదు సార్. ఎందుకని?"

బీరువా తెరుచుకుంది.

లైబ్రరీ మూసేదాకా ఆమె చదువుతూనే ఉంది. నున్నటి కాగితం పుస్తకం మందు కొట్టమంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ పల్చటి పుస్తకం, పూత విప్పారాక కొట్టొద్దంది. ఈగలూ తేనెటీగలూ చస్తే పిందె కట్టదట. ఎవరు అచ్చువేశారో చూడమని క్లాసులో చెప్పారని రెంటికీ అట్ట తిప్పి చూసింది. మొదటిదాని వెనక కొట్టాయన ఇచ్చిన డబ్బా బొమ్మే ఉంది.

పొద్దున్నే కృపానందం డ్రమ్ములో మందు కలిపాడు. గ్లోరి పైపు ఊడబీకి పక్కన పడేసింది.

"పోతే నాదే పూచీ మామయ్యా. కొట్టొద్దు."

ఆయన పదిరోజులు ఆమెతో మాట్లాడలేదు. గ్లోరి అన్నం సరిగ్గా తినలేదు, భయం. వారం పోయాక ఈగలొచ్చాయి. మిగిలిన పూతకి మార్చికల్లా బఠాణీ గింజంత పిందెలు కట్టాయి.

ఓ సాయంత్రం కృపానందం చెట్టు కింద నిలబడి పైకి చూశాడు.

"ఇప్పుడు నీళ్ళు పెడదామా అమ్మాయ్?"

తను కాపురానికొచ్చిన ఆరేళ్ళలో మామగారు తనని ఓ మాట అడగడం అదే మొదలు. గ్లోరికి కళ్ళు చెమర్చాయి.

"చూసి చెప్తా," అంది.

ఆయన సరేనని గట్టు మీద కూర్చున్నాడు.